ఎల్క్ వేటకు పొలం రైతు అనుమతి: నైరుతి మోంటానా నుంచి ఒక కేసు

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో వేట భద్రత తరగతులు చెప్పే స్వచ్ఛంద బోధకుల్లో నేనొకణ్ని. తరగతి ముగిశాక నన్ను అడిగే ప్రశ్నల్లో తుపాకీ గురించినవి తక్కువ. ఎక్కడ వేటాడాలి, ఎవరిని అడగాలి అన్నవే ఎక్కువ. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు కూడా కొందరు ఈ మధ్య ఈ తరగతులకు వస్తున్నారు. వారిలో ఒకరి అనుభవాన్ని, ఆయనతో పాటు ఆ రైతు కుటుంబం కూడా ఒప్పుకున్నాక, ఇక్కడ నమోదు చేస్తున్నాను. లోయ పేరు, కుటుంబ వివరాలు, పొలం విస్తీర్ణం కావాలనే చెప్పడం లేదు.

నేపథ్యం

ఎల్క్ మన కణుజు కుటుంబానికే చెందిన పెద్ద జింక. ఆడది సుమారు 225 కిలోలు తూగుతుంది, మగది 300 కిలోలు దాటుతుంది. వేసవిలో ఇవి కొండల మీద జాతీయ అడవుల్లో ఉంటాయి. అక్టోబరు చివర్లో రైఫిల్ సీజన్ మొదలై అయిదు వారాలు సాగుతుంది. ఆ సందడి తగలగానే మందలు ప్రభుత్వ భూమిని వదిలి, వేటగాళ్లను రానివ్వని ప్రైవేటు పొలాల్లోకి దిగిపోతాయి. పగలు కొండవాలు పొదల్లో పడుకుని, చీకటి పడ్డాక లూసర్న్ అనే పశుగ్రాసం మడుల్లో మేసి, తెల్లవారేలోపు తిరిగి ఎక్కిపోతాయి. అందువల్ల మ్యాపులో లక్షల ఎకరాల ప్రభుత్వ అడవి కనిపిస్తున్నా, నవంబరులో జంతువు మాత్రం కంచెకు అవతల ఉంటుంది.

ఆ కంచె విషయంలో మోంటానా చట్టం ఖండితంగా ఉంటుంది. ప్రైవేటు భూమిలో వేటాడాలంటే భూయజమానో, కౌలుదారో, వారి తరఫు మనిషో అనుమతి ఇచ్చి తీరాలి. బోర్డు పెట్టకపోయినా, గేటు తెరిచి ఉన్నా ఇందులో మార్పు లేదు. అనుమతి లేకుండా వేటాడితే అది నేరం.

మన కథలోని వ్యక్తి ముప్పైల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, అనంతపురం ప్రాంతంలో వేరుశనగ పండించే కుటుంబం నుంచి వచ్చినవాడు. హెచ్1బి వీసా మీద ఉన్నాడు కాబట్టి నేను మొదట చూసింది పొలం సంగతి కాదు, ఆయన చేతిలో తుపాకీ ఉండవచ్చునా అన్నది. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఆ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. లైసెన్స్ గడువు ముగిసిన మర్నాడు అదే తుపాకీ అదే మనిషిని చిక్కుల్లో పడేస్తుంది. ఈ ఒక్క సంగతి వలస న్యాయవాదితో మాట్లాడి తేల్చుకున్నాకే ముందుకు వెళ్దామన్నాను. ఆయన అలాగే చేశాడు. 1985 జనవరి 1 తర్వాత పుట్టినవారికి తప్పనిసరైన వేట భద్రత తరగతి అప్పటికే నా దగ్గర పూర్తి చేశాడు.

సమస్య

ఆయన కోరిక సూటిగా ఉంది: నాలుగు కొమ్మల కొమ్ములున్న మగ ఎల్క్, లోయలో ఏదో ఒక పొలంలో, రైఫిల్ సీజన్లో. మొదటి శరదృతువంతా ప్రయత్నించి ఒక్క "సరే" కూడా సంపాదించలేక నా దగ్గరికి వచ్చాడు. ఏం చేశావో వరసగా చెప్పమన్నాను.

రాష్ట్రం నడిపే భూమి రికార్డుల సైటు చూసి, లోయలోని ఖాతాదారులందరికీ సెప్టెంబరులో మర్యాదగా టైపు చేసిన ఉత్తరాలు పంపాడు. చాలావాటికి జవాబు రాలేదు. వచ్చిన ఒకటి రెండు జవాబులూ వేరే రాష్ట్రంలో ఉండే యజమానుల నుంచి, భూమి కౌలుకిచ్చేశామని. ఆ తర్వాత రైఫిల్ సీజన్ మొదలయ్యే ముందురోజు సాయంత్రం కారు వేసుకుని ఇళ్ల తలుపులు తట్టాడు. ఒక ఇంట్లో, కాదంటారేమోనని ముందే డబ్బు ప్రస్తావన తెచ్చాడు. ఆ తలుపు మాట పూర్తి కాకముందే మూసుకుంది.

ఈ మూడింటిలో ఏదీ తప్పుడు పని కాదు, చట్టవిరుద్ధమూ కాదు. కానీ ప్రతి ఒక్కటీ రైతు రోజుకు అడ్డంగా పడింది. సెప్టెంబరు అంటే అక్కడ లూసర్న్ ఆఖరి కోత సమయం. గడ్డి ఎండి ఉంటుంది, అపరిచితుడి కారు సైలెన్సర్ వేడికి కొండవాలు అంటుకుంటుందేమోనన్న భయం ఉంటుంది, అప్పుడు ఉత్తరాలు చదివే తీరిక ఎవరికీ ఉండదు. సీజన్ ముందురోజు సాయంత్రం ఆ ఇంటి తలుపు తట్టే మనిషి ఆయన ఒక్కడే అయి ఉండడు. వరసగా తట్టినవాళ్లందరికీ ఒకే జవాబు చెప్పడం రైతుకు సులువు, ఆ జవాబు "వద్దు".

డబ్బు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి అదే గౌరవప్రదమైన దారి అనిపిస్తుంది: ఊరికే అడగడం కన్నా ఖరీదు కట్టి అడగడం మేలు కదా అని. మోంటానాలో, ప్రతిఫలం తీసుకోకుండా తన భూమిలో వేటకో విహారానికో అనుమతించిన యజమానికి చట్టం రక్షణ ఇస్తుంది. అనుమతి పొందినవాడు అక్కడ గాయపడితే, తాను బుద్ధిపూర్వకంగా గానీ తెగించిన నిర్లక్ష్యంతో గానీ హాని చేస్తే తప్ప యజమాని బాధ్యుడు కాడు. వేటగాడి నుంచి డబ్బు పుచ్చుకున్న క్షణంలో ఆ రక్షణ సందేహంలో పడుతుంది. అంటే ఇంజనీరు ఇవ్వబోయిన నోట్లు రైతుకు ఆదాయంగా కాక, వకీలు ఖర్చుగా కనిపించాయి. డబ్బు తీసుకుని వేటకు భూమి ఇచ్చే రైతులు లేకపోలేదు. వాళ్లు వృత్తి గైడ్లకు ఒప్పందం రాసి, బీమా పెట్టి ఇస్తారు. ఆ బేరం తలుపు దగ్గర తేలేది కాదు.

ఏం అడగాలో ముందు మార్చాం

నా మొదటి సూచన ఆయనకు నచ్చలేదు: మగ ఎల్క్ మాట మానేయమన్నాను. లోయలోని రైతు కుటుంబాలకు మగ ఎల్క్ అంటే మనవడి మొదటి వేట, బావమరిది ఏటా వచ్చే కారణం. దాన్ని బయటివాడికి ఇవ్వడం అంటే సొంతవాళ్లకు కాదనడం. ఆడ ఎల్క్ లెక్క వేరు. మంద పెరిగేది ఆడవాటి వల్ల, పొలం మేసేది మంద. చాలా వేట జిల్లాల్లో ఎల్క్ సంఖ్య రాష్ట్రం పెట్టుకున్న లక్ష్యాన్ని దాటిపోయింది కాబట్టి, 2016 నుంచి మోంటానా వన్యప్రాణి శాఖ కొన్ని జిల్లాల్లో మామూలు సీజన్‌కు ముందూ వెనుకా, ఆగస్టు 15 నుంచి ఫిబ్రవరి 15 మధ్య, ప్రధానంగా ప్రైవేటు భూముల్లో కొమ్ములు లేని ఎల్క్ వేటకు అదనపు గడువులు ఇస్తోంది. దానికి ఎల్క్ బి లైసెన్స్ కావాలి. లాటరీ ఉన్నచోట దరఖాస్తుకు ఆఖరి తేదీ జూన్ 1. కొమ్ముల మీద మోజు ఉన్న గుంపు నవంబరు చివర్లో ఇళ్లకు వెళ్లిపోతుంది. డిసెంబరు, జనవరుల్లో మంచు పడ్డాక గడ్డివాముల మీద పడే మంద మాత్రం అక్కడే ఉంటుంది. రైతుకు వేటగాడు అక్కరకొచ్చేది అప్పుడు.

రెండో నిర్ణయం, ఎవరిని అడగాలన్నది. రికార్డులో ఉన్న పేరు పన్ను కట్టేవాడిది మాత్రమే. గేటు ఎవరు మూస్తారో, దూడలను ఎవరు లెక్కపెట్టుకుంటారో వాళ్లే అసలు అనుమతి ఇచ్చేవాళ్లు, చాలాచోట్ల అది కౌలుదారు. దీన్ని మ్యాపు చెప్పదు, ఊళ్లో మనుషులే చెబుతారు. అందుకే ఆ ఏడాది ఆయన్ను బ్లాక్ మేనేజ్‌మెంట్ భూముల్లో తిరగమన్నాను. ఇది భూయజమానులు ప్రజావేటకు భూమి తెరిచి, అందుకు రాష్ట్రం నుంచి పరిహారం పొందే పథకం. కొన్నిచోట్ల గేటు దగ్గర పెట్టెలో పేరు రాసి లోపలికి వెళ్లవచ్చు, కొన్నిచోట్ల ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. అక్కడ ఎల్క్ దొరికే అవకాశం అంతంతమాత్రమే. నా ఉద్దేశం వేరు: పేరు రాసి, చెప్పిన వేళకు వచ్చి, చెప్పిన చోట కారు ఆపే మనిషిగా లోయలో ఆయన ముఖం తెలియాలి. ఒకసారి అలాంటి భూమిలో తీగ కంచె కొమ్మ విరిగిపడి కుంగిపోయి ఉంటే, ఫొటో తీసి, ఏ మూలో చెప్పి యజమానికి ఫోన్ చేశాడు. తర్వాతి ఏడాది మార్చిలో, పక్కన కౌలు చేసే కుటుంబానికి ఎల్క్ బెడద ఎక్కువగా ఉందని, వెళ్లి మాట్లాడమని ఆ యజమానే చెప్పాడు. ఉత్తరాలు తేలేకపోయిన పరిచయం ఆ ఫోను తెచ్చింది.

గడ్డివాముల దగ్గర

మార్చిలో వెళ్లేముందు ఆయనకు ఒకటే నిబంధన పెట్టాను: వేట అనే మాట నువ్వు ఎత్తకు. దీన్ని ఎత్తుగడగా చెప్పలేదు. రైతు ఇబ్బంది ఏమిటో తెలియకుండా అడిగే అనుమతి ఎటూ గుడ్డి అనుమతే అవుతుంది, దానికి షరతులు ఎలా ఉండాలో ఇద్దరికీ తెలియదు.

ఆ కౌలు కుటుంబంలో పెద్దాయన డెబ్బై దాటినవాడు. మా ఇద్దరినీ నేరుగా గడ్డివాముల దొడ్డికి తీసుకెళ్లాడు. పెద్ద పెద్ద చదరపు మోపులు పేర్చిన వామికి ఒక పక్కంతా గుహలా తొలిచేసి ఉంది. ఎల్క్ తిన్నది అందులో కొంతే. లాగి కింద పడేసి తొక్కి, మూత్రం పోసినదాన్ని ఆవులు ముట్టవు; నష్టంలో పెద్ద వాటా అదేనని పెద్దాయన కాలితో ఆ గడ్డిని తిప్పి చూపించాడు. అడుగున మంచు గడ్డకట్టి, గడ్డి నల్లగా అట్టకట్టుకుని ఉంది. చుట్టూ ఉన్నది పశువులకు వేసిన మామూలు తీగ కంచె, ఎల్క్‌కు అది లెక్కే కాదు. వాటిని ఆపాలంటే ఎనిమిది అడుగుల జాలీ కంచె కావాలి. ప్రజావేటకు కొంతైనా భూమి తెరిచే రైతులకు వన్యప్రాణి శాఖ పంట నష్టం కింద ఆ కంచె సామగ్రి ఇస్తుంది, నాటుకోవడం రైతు పని.

అప్పుడు మనవాడు తన ఊళ్లో రాత్రిపూట వేరుశనగ చేలో అడవిపందులు పడితే నాన్న డబ్బా వాయిస్తూ కూర్చునే సంగతి చెప్పాడు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధమని, రైతు తనంతట తాను పందిని కొట్టడానికి వీల్లేదని చెబితే పెద్దాయన నమ్మలేకపోయాడు. చాలాసేపు వాళ్లు పందుల గురించే మాట్లాడుకున్నారు. వచ్చేటప్పుడు, వేసవిలో కంచె నాటేటప్పుడు పనికొస్తానని చెప్పి ఫోన్ నంబరు ఇచ్చాడు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పనిచేస్తాను, బదులుగా వేటకు రానివ్వండి అంటే అదీ ప్రతిఫలమే అనిపించుకోవచ్చు. పైగా వీసా మీద ఉన్నవాడు కూలికి బదులు మరొకటి పుచ్చుకోవడం అసలు కూడదు. అందుకని పొరుగువాడి సాయంగానే ఉండాలని, వేట ఊసు దానితో ముడిపెట్టవద్దని గట్టిగా చెప్పాను. జులైలో ఒక శనివారం వెళ్లి స్తంభాలు పట్టుకున్నాడు. అనుమతి అప్పుడూ అడగలేదు.

అక్కడే ఇంకొక సంగతి బయటపడింది. మార్చి నుంచి మేం పెద్దాయనతో మాట్లాడుతున్నాం గానీ, ఆ ఇంట్లో నిర్ణయం కోడలిది. ఆవులు ఈనే పని, మందుల ఖాతా, గేట్ల తాళాలు ఆమెవి. ఎల్లోస్టోన్ జాతీయ పార్కు చుట్టుపక్కల ఎల్క్ మందల్లో బ్రూసెల్లోసిస్ అనే అంటురోగం ఉంది. అది సోకితే చూడి ఆవులు ఈసుకుపోతాయి, మంద మొత్తం క్వారంటైన్‌లో పడుతుంది. ఆమె వేటకు వ్యతిరేకి కాదు. ఎల్క్ తన ఆవుల నుంచి దూరం జరగాలన్నదే ఆమె కోరిక. భయపడిందల్లా, అనుభవం లేనివాడు తప్పుడు వైపు నుంచి తరిమి మందను తెచ్చి ఆవుల మధ్యలో పడేస్తాడని. పెద్దాయన "సరే" అని ఉన్నా, ఆమెను అడగకుండా ఆ మాట పట్టుకుని డిసెంబరులో గేటు తీసి ఉంటే ఆ అనుమతి అదే రోజు రద్దయ్యేది.

అడిగిన తీరు

అక్టోబరు మొదట్లో, ఆఖరి కోత మోపులు వామికి చేరాక, కోడలూ పెద్దాయనా ఇద్దరూ ఉన్న వేళ చూసి వెళ్లాడు. అడిగింది చాలా చిన్నది: మామూలు సీజన్ ముగిశాక, ఒక్కడే, ఒక ఆడ ఎల్క్ కోసం, ఆమె చెప్పిన ఒక్కరోజు. వద్దన్నా ఏమీ అనుకోనని, వచ్చే వేసవిలో మిగిలిన స్తంభాలకు వస్తాననీ చెప్పాడు. ఆమె ప్రశ్నలన్నీ వేట గురించి కాక, గేట్ల గురించి, బండి గురించి వచ్చాయి. మేం ముందే ఊహించినవి కొన్ని, ఊహించనివి కొన్ని.

నోటిమాటగా ఇచ్చిన అనుమతి కూడా అనుమతే. అయినా కాగితం మీద పెట్టమని ఆయన్ను నేనే అడిగించాను, ఎందుకంటే వన్యప్రాణి శాఖ వార్డెన్ ఆపినప్పుడు ఆ కాగితం కన్నా, షరతులు రాస్తున్నప్పుడు జరిగే మాటలే ఎక్కువ పనికొస్తాయి. ఆమె చెబుతుంటే ఆయన రాశాడు. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి: తెరిచి ఉన్నది మూసినా ఆవుల మంద నీళ్లకు దూరమవుతుంది. నేల గడ్డకట్టి ఉన్న పొద్దుటివేళ మాత్రమే బండి లోపలికి రావచ్చు, ఎండ తగిలి బురదయ్యాక మాంసం చేత్తో ఈడ్చే స్లెడ్ మీద లాక్కోవలసిందే. బండి చక్రాలు, అడుగుభాగం ఇంటిదగ్గరే కడిగి రావాలి, మచ్చల నాప్‌వీడ్ లాంటి కలుపు విత్తనాలు అలాగే పొలాలకు పాకుతాయి. సెంటర్ పివట్ వైపు, అంటే మడి మధ్య నుంచి గుండ్రంగా తిరుగుతూ తడిపే ఆ పొడవాటి పైపు వైపు, కాల్చకూడదు. ఒక్క తూటా రంధ్రం పడితే వేసవిలో నీటి పని ఆగిపోతుంది. కాల్చే దిశ ఎప్పుడూ కొండవాలు వైపే ఉండాలి. పేగులూ ఎముకలూ ఈనే దొడ్డి దరిదాపుల్లో వదలకూడదు, ఆ వాసనకు నక్కల్లాంటి కొయోటీలు వస్తాయి, ఆ లోయకు ఎలుగులు కూడా వస్తాయి.

ఈ చివరి షరతు మీద ఆలోచించాల్సి వచ్చింది. జింకజాతిలో వ్యాపించే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) రోగం మోంటానా అడవి జంతువుల్లో 2017లో బయటపడింది. అందువల్ల కళేబరం మిగులును చంపినచోటే వదలాలి, లేదా అనుమతి ఉన్న చెత్త డంపుకు చేర్చాలి. మధ్యలో ఇంకెక్కడో పారేయడానికి వీల్లేదు. పడే చోటు దొడ్డికి దగ్గరైతే మొత్తం డంపుకే మోయాలని ముందే అనుకుని, గట్టి సంచులు, టార్పాలిన్ సిద్ధం చేసుకున్నాడు.

ఆ రోజు

డిసెంబరులో ఆమె ఫోన్ చేసింది: మంద రెండు రాత్రులుగా ఉత్తరపు మడిలో ఉంది, రేపు రావచ్చు అని. నేనూ తోడు వెళ్లాను, తుపాకీ లేకుండా, ఆమె ఒప్పుకున్నాకే. చట్టం చెప్పినట్టు నడుము పైభాగంలో 400 చదరపు అంగుళాలకు తగ్గని నారింజ రంగు ఇద్దరమూ వేసుకున్నాం. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చవచ్చు, కానీ ఆ వెలుతురులో మంద ముద్దగా కదులుతోంది. ఒకదాని వెనక ఒకటి ఉన్నప్పుడు తూటా మొదటిదాన్ని దూసుకుపోయి రెండోదాన్ని గాయపరుస్తుంది. చేతిలో ఉన్నది ఒక్క లైసెన్స్. ఆగమన్నాను. మంద కొండవైపు కంచె దాటడం మొదలుపెట్టాక, చివర మిగిలిన ఆడది పక్కకు తిరిగి నిలబడింది. వెనక ఖాళీ వాలు. కాల్చాడు. అది కొద్ది అడుగులు వేసి కూలిపోయింది.

జంతువును కదిలించకముందే లైసెన్స్‌తో వచ్చే ట్యాగు చెల్లుబాటు చేసి, ముందు ఆమెకు ఫోన్ చేశాడు, ఆ తర్వాతే కత్తి తీశాడు. పడినచోటు దొడ్డికి దూరమే. అయినా ఆమె డంపుకే తీసుకెళ్లమంది, మేం కాదనలేదు. పది దాటేసరికి నేల మెత్తబడింది, ఆఖరి రెండు తొడలు స్లెడ్ మీదే లాగాం. వేట మాంసం అమ్మడం నేరం, ఇవ్వడం కాదు. అందులో కొంత శుభ్రంగా చుట్టి ఆ వారంలోనే వాళ్లింట్లో ఇచ్చి వచ్చాడు. కోడలు మాంసం తీసుకుని, మంద ఏ వైపు వెళ్లిందని అడిగింది. కొండవైపేనని చెప్పాడు.

ఈ కేసును తరగతిలో ఎలా వాడుతున్నాను

కొత్తవాళ్లకు నేను ఈ కేసులో ముందు చూపించేది ఆ షరతుల కాగితం నకలే, పేర్లు కొట్టేసి. ఎల్క్ అన్న మాట అందులో ఒక్కసారే వస్తుంది. మిగతాదంతా గేట్లు, బురద, పైపులు, దూడలు. అనుమతి కోసం రైతును మెప్పించాలనుకునేవాళ్లు తమ అనుభవం, తుపాకీ, గురి గురించి చెబుతారు. రైతు వినాలనుకునేది నువ్వు వెళ్లిపోయాక తన పొలం ఎలా ఉంటుందన్నది.

అడిగే కాలం గురించి విద్యార్థులు నాతో వాదిస్తారు, జులైలో పరిచయం పెంచుకుని అక్టోబరులో అడగడం నటన కాదా అని. కొంతవరకు సమంజసమైన ప్రశ్నే. నా జవాబు: కాదంటే మళ్లీ వేసవిలో వెళ్లగలిగితే నటన కాదు. వెళ్లలేననుకుంటే బ్లాక్ మేనేజ్‌మెంట్ భూములు ఉన్నాయి, అక్కడ ఎవరి మనసూ గెలవక్కర్లేదు. ఇంకొకటి: ఈ పద్ధతి ఎల్క్ బెడద ఉన్న పొలంలోనే పనిచేస్తుంది. నష్టమేమీ లేక, కుటుంబమంతా వేటాడుకునే పొలంలో ఆడ ఎల్క్‌కు కూడా ఖాళీ ఉండదు, అక్కడ ఎంత ఓపిక పట్టినా ఫలితం దక్కకపోవచ్చు.

ఆ కుటుంబం ఇప్పటికీ ఆయనకు అనుమతి ఇస్తోంది, ఆడ ఎల్క్‌కు మాత్రమే, ఫోన్ వచ్చిన రోజు మాత్రమే. ఎనిమిది అడుగుల కంచె పూర్తయింది కాబట్టి వాముల బెడద తగ్గింది, ఫోన్లు కూడా తగ్గాయి. కిందటేడు ఒక స్నేహితుణ్ని వెంట తీసుకురావచ్చా అని అడిగాడు. కోడలు వద్దంది. ఆ స్నేహితుడు వచ్చే నెల నా తరగతిలో చేరుతున్నాడు.